మాట మధ్య ఖాళీ

ఉడుత నిద్ర లేచేసరికి నాన్న పనికి వెళ్ళిపోయి ఉంటాడు. ఉడుత పని నుంచి వచ్చేసరికి నాన్న నిద్రపోయి ఉంటాడు. ఒకే గోడకు అటూ ఇటూ పడుకునే ఆ ఇద్దరూ కొన్నాళ్ళుగా ఫోన్లోనే మాట్లాడుకుంటున్నారు. మాట్లాడుకోవడమంటే, నాన్న తన మాటలు రికార్డు చేసి పంపుతాడు, ఉడుత విని బొటనవేలి బొమ్మ పంపుతుంది.

ఉడుత అన్నది ఆయన పెట్టుకున్న పేరే. అసలు పేరు మొదటి అక్షరం దగ్గరే ఆయన నాలుక మొండికేసేది. ఉడుత అనే మాట మాత్రం ఏ రోజూ ఆయన్ని ఇబ్బంది పెట్టలేదు. ఆ పేరే ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి ఆఫీసులోకి పాకింది.

ఆ గురువారం ఉదయం ఉడుత నోట్లో బ్రష్షు ఉంది, ఫోను కుళాయి మీద గూట్లో నిలబెట్టి ఉంది. నాన్న గొంతు రెండింతల వేగంతో సన్నగా, కీచుగా వస్తోంది. అలా వింటే నాన్న నత్తి నత్తిలా అనిపించదు. గతుకుల దారిలో బండి గబగబా వెళ్ళిపోయినట్టు ఉంటుంది. "ఆదివారం" అన్నది వినబడింది. "అద్దం" అన్నది వినబడింది. ఇంకేదో "పట్టు" అని కూడా వినబడింది. నాన్న పని కిటికీలకు అద్దాలు కోసి బిగించడం. ఆయన ఏ కబురు పంపినా అందులో ఒక అద్దం ఉండనే ఉంటుంది. ఉడుత నురగ ఉమ్మేసి బొటనవేలు నొక్కింది.

"ఏమన్నారు నాన్న?" అంది అమ్మ వంటింట్లోంచి.

"ఏం లేదు. ఏదో అద్దం గురించి."

"ఏదో అద్దం గురించా? నిన్న సాయంత్రం డాబా ఎక్కి, దీపాలు పెట్టేదాకా దిగలేదు మనిషి."

"ఇక్కడ చూస్తే అర నిమిషం కూడా లేదు."

"లేకేం. చెప్పడం, చెరపడం, మళ్ళీ చెప్పడం. గొంతు సవరించుకోవడం ఒకటి మధ్యలో. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు కూడా అంత తయారవలేదు ఆయన."

"ఊ, తర్వాత?" అంది ఉడుత తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ.

"తర్వాతేముంది? అయిపోయింది."

ఉడుతకు ఈ మధ్య ఏది విన్నా తర్వాతేమిటి అనిపిస్తోంది. పాటల్లో ముందు వచ్చే సంగీతం దాటేస్తుంది. సినిమాలు రెండింతల వేగంతో చూస్తుంది, హీరోయిన్ ఏడుస్తుంటే ఇంకా ముందుకు జరుపుతుంది. ఎదుటివాళ్ళు వాక్యం మొదలుపెడితే చివరి సగం తనే చెప్పేస్తుంది. చాలాసార్లు సరిపోతుంది కూడా. అమ్మ తన ముందు పెట్టిన పళ్ళెం అప్పుడే ఖాళీ అయింది.

"తిండి కూడా ఆ బటను నొక్కే తింటున్నావే," అంది అమ్మ. "నమిలావా, నమిలినట్టు అనుకున్నావా?"

ఉడుత అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

ఆఫీసులో ఉడుత పని వినడమే. వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు, ఏసీలు పాడైతే జనం ఫోన్ చేసే చోటు అది. కింది అంతస్తులో ఫోన్లు ఎత్తేవాళ్ళు కూర్చుంటారు. పై అంతస్తులో ఉడుతలాంటి వాళ్ళు ఆ కాల్స్ విని మార్కులు వేస్తారు. నమస్కారం చెప్పారా, ఫిర్యాదు సరిగ్గా రాసుకున్నారా, విసుక్కున్నారా, అన్నీ చూడాలి. తెర మీద మాటలు ఆకుపచ్చ అలల్లా కదులుతుంటాయి. ఎవరూ మాట్లాడని చోట ఎర్రచార పడుతుంది. ఎర్రచార పొడుగైతే మార్కులు తగ్గుతాయి. అందరూ వేగం పెంచుకునే వింటారు, లేకపోతే రోజుకు ఇన్నని పెట్టిన కాల్స్ అవవు. ఉడుత అందరికంటే వేగం. గోడ మీద బోర్డులో ఆమె పేరు పైనుంచి కదలక చాలా కాలమైంది.

ఆ మధ్యాహ్నం ఆమె చేతికి వచ్చిన కాల్స్‌లో ఒకటి ఫ్రిజ్ అక్కది. ఫ్రిజ్ ఫిర్యాదులన్నీ ఆవిడే తీసుకుంటుంది కనుక ఆ పేరు. నడివయసు మనిషి, కుర్చీ మీద పూల గలేబు వేసిన దిండు ఒకటి వేసుకుంటుంది. ఆ కాల్ తెరవగానే ఉడుతకు తెర నిండా ఎర్రచారలు కనిపించాయి. రెండింతల వేగంతో విన్నది. ఒక మగగొంతు ముక్కలు ముక్కలుగా ఏదో అంటోంది, మధ్యలో ఖాళీ, అక్క "ఊ" అంటోంది, మళ్ళీ ఖాళీ. ఉడుత ఖాళీలన్నీ దాటించి చివరికి వెళ్ళింది. అక్క "ఉంటానండీ" అంటోంది. "నిశ్శబ్దం చాలా ఎక్కువ. సంభాషణ నడిపించలేకపోయారు" అని రాసి, మార్కు వేసి, తర్వాతి కాల్ తెరిచింది.

మర్నాడు భోజనాల గదిలో ఫ్రిజ్ అక్క ఉడుత ఎదురుగా వచ్చి కూర్చుంది. చేతిలో అట్టపెట్టె ఉంది. అందులో పూల దిండు, నీళ్ళ సీసా, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్ తాలూకు పాత స్పాంజి ముక్కలు ఉన్నాయి.

"ఎక్కడికక్కా?" అంది ఉడుత.

"అట్టడుగు అంతస్తుకి. విడిభాగాల గదిలోకి మార్చారు. డబ్బాల మీద చీటీలు అతికించాలట." అక్క మూత తీసి రెండు గుక్కలు నీళ్ళు తాగింది. "నయమే. డబ్బాలతో ఎంతసేపు మాట్లాడకపోయినా మార్కులు కొయ్యరు."

ఉడుత చేతిలో చెంచా ఆగింది. "ఎందుకు మార్చారు?"

"ఇదివరకే రెండు మూడు కాల్స్‌కి తగ్గాయి. నిన్నటిదానికి మరీ అడుగంటాయట. ఎవరు వేశారో చెప్పరుగా. ఏ కాల్ అని అడిగితే అదీ చెప్పరు. మాట్లాడకుండా కూర్చున్నానట." అక్క కాసేపు సీసా మూతను తిప్పుతూ కూర్చుంది. "నేను మాట్లాడకుండా కూర్చోవడమేంటి అమ్మాయ్? నన్ను కన్న తల్లి వింటే నవ్వుతుంది. ఏం తప్పు చేశానో తెలిస్తే దిద్దుకుందును."

ఉడుత తినడం ఎక్కడ ఆపిందో అక్కడే వదిలేసి పైకి వెళ్ళింది.

ఆ కాల్ మళ్ళీ తెరిచింది. తప్పు ఏమిటో కనుక్కుని అక్కకు ఎలాగో చేరవేస్తే తన చేతులు దులుపుకోవచ్చనిపించింది. అలవాటుగానే రెండింతల వేగం పెట్టింది. నిన్నటి ముక్కలే వినిపించాయి. అన్నిటికంటే పొడుగు ఎర్రచార దగ్గరికి వెళ్ళి, అక్కడ అక్క ఏమైనా గొణిగిందేమోనని వేగం తగ్గించి మామూలుకు తెచ్చింది.

"చెప్పండి, వింటున్నాను," అంది అక్క గొంతు.

"మా ఫ్రి... ఫ్రిజ్‌లో మం..."

అక్కడి నుంచి ఎర్రచార మొదలైంది. కానీ అది ఖాళీ కాదు. రెండు పెదవులు బిగుసుకుపోయి ఉన్నాయి. ముక్కులోంచి ఊపిరి కొద్దికొద్దిగా, తలుపును భుజంతో నెట్టినట్టు, నెట్టుకుంటోంది. ఉడుతకు ఆ చప్పుడు తెలుసు. పాలు తాగే వయసు నుంచి తెలుసు. పైకప్పు వైపు చూసే నాన్న కళ్ళు, చొక్కా అంచును పట్టుకున్న నాన్న వేళ్ళు ఆ చప్పుడుతోపాటే కనబడ్డాయి. ఆమె భుజాలు వాటంతటవే బిగుసుకున్నాయి. ఆమె నోట్లో మాట తయారుగా ఉంది. మంచు. ఫ్రిజ్‌లో మంచు పట్టడం లేదా అండీ? తనైతే ఈపాటికి అనేసి ఉండేది.

అక్క అనలేదు.

"మీరు ఉ... ఉన్నారా లైన్లో?" అన్నాడాయన.

"ఉన్నానండీ. మీరు చెప్పండి."

మళ్ళీ పెదవులు బిగుసుకున్నాయి. మళ్ళీ ఊపిరి నెట్టింది. "మం... మందులున్నాయమ్మా. మా ఆవిడకి వేసే ఇంజెక్షన్లు. చల్లగా లేకపోతే పా... పాడైపోతాయి. ముందు ఒకసారి ఫోన్ చేశా. వాళ్ళెవరో మం అనగానే మంచు అని రాసేసుకుని, వచ్చే వారం వస్తామన్నారు. నేను కాదనే లోపల పె... పెట్టేశారు."

"ఈ పూటే మనిషిని పంపిస్తానండీ. వచ్చేలోపల ఆ మందులు పక్కింటి వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టించండి. పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఉ... ఉన్నారు."

"అయితే ముందు పెట్టించి రండి. నేను లైన్లోనే ఉంటా."

ఆ తర్వాత ఇంకో పొడుగాటి ఎర్రచార. దూరంగా ఒక తలుపు తెరుచుకున్న చప్పుడు, చెప్పుల చప్పుడు, తిరిగి వచ్చిన చెప్పుల చప్పుడు. ఉడుత దాన్ని దాటించకుండా మొత్తం విన్నది. హెడ్‌ఫోన్ తీసేసరికి చెవులు చెమర్చి ఉన్నాయి.

సూపర్‌వైజర్ గది మూలన ఉంది. ఆయన రెండు తెరల మధ్య కూర్చుని, ఒకదాన్ని చూస్తూ ఇంకోదానిలో రాస్తున్నాడు.

"సార్, ఒక కాల్ వినాలి మీరు."

"పంపించు, వింటాలే."

"ఇప్పుడు వినాలి సార్. నేను తప్పు మార్కు వేశాను."

ఆయన తలెత్తి చూశాడు. ఉడుత నోట ఆ మాట వస్తుందని ఆయన అనుకున్నట్టు లేదు. పక్క కుర్చీ లాగాడు. కాల్ మొదలుకాగానే ఆయన చెయ్యి వేగం పెంచడానికి వెళ్ళింది. ఉడుత మౌస్ మీద అరచెయ్యి పెట్టేసింది.

"మామూలుగా వినండి సార్. ఒక్కసారి."

ఆయన చేతులు కట్టుకున్నాడు. కాలు ఆడిస్తూ విన్నాడు. పెద్ద ఎర్రచార వచ్చింది. ఊపిరి నెట్టుకుంటున్న చప్పుడు గదిలో వినబడుతోంది. ఆయన కాలు ఆగింది. కాసేపటికి ఆయన పెదవులు కదిలాయి.

"మంచు," అన్నాడు మెల్లగా, అందించినట్టు.

ఉడుత చెయ్యి మౌస్ మీదే ఉంది. స్పీకర్లోంచి ఆ పెద్దాయన మందులు అన్నాడు.

సూపర్‌వైజర్ కుర్చీలో వెనక్కి వాలాడు. చివరిదాకా విని, మళ్ళీ మొదటికి తెచ్చి ఇంకోసారి విన్నాడు. ఈసారి ఆయన కూడా వేగం ముట్టుకోలేదు.

"దీన్ని మార్చాలంటే మొదటి మార్కు తప్పని రాయాలి," అన్నాడు. "ఎవరు వేశారో పైవాళ్ళకి తెలుస్తుంది. బోర్డులో నీ పేరు అడుగుకి పోతుంది."

"పోనివ్వండి సార్."

"అలా పోనివ్వండి అంటావు గానీ..." అని ఆగాడు. "రోజుకి ఇన్ని వినాలని పెట్టింది నేనే. ఈ లెక్కన వింటే అవవు."

"అవవు సార్."

ఆయన తెర వైపు తిరిగాడు. "ఈ ఎరుపు ఉందే," అన్నాడాయన వేలితో చూపిస్తూ, "మనిషి తంటాలు పడేదానికీ, ఊరికే కూర్చునేదానికీ ఒకటే రంగేస్తోంది. అడుగుతాను వాళ్ళని. వింటారో లేదో. ఆవిడని మాత్రం సీట్లో కూర్చోమను. పెట్టె సర్దొద్దని చెప్పు."

పెట్టె సర్దడం అప్పటికే అయిపోయింది. ఉడుత మెట్లు దిగి విడిభాగాల గదిలోకి వెళ్ళేసరికి అక్క ఒక డబ్బా మీద వంకరగా అతికిన చీటీని గోటితో లేపుతోంది.

"అక్కా, ఆ మార్కు వేసింది నేనే," అంది ఉడుత గుమ్మంలో నిలబడి.

అక్క చీటీ వదల్లేదు. "నువ్వా?"

"గబగబా విన్నాను. సరిగ్గా వినలేదు. సార్‌తో మాట్లాడాను. మీ సీటు మీదే."

అక్క ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. ఉడుత తలొంచుకుంది. "ఆ మందులాయన కాల్ అక్కా. ఆయన మాట కోసం మీరు ఎంత ఓపిగ్గా ఆగారో అంతా విన్నాను ఇప్పుడు. నేనైతే ఆగేదాన్ని కాదు."

"ఓపికా?" అక్కకు నవ్వొచ్చింది. "ఆయన అలా ఆగి ఆగి మాట్లాడుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది అమ్మాయ్. పొద్దున్నుంచి అందరూ మీద పడి అరిచేవాళ్ళే. ఆయన మాట వెతుక్కునేలోపల నేను చెప్పు విప్పి పాదం నొక్కుకున్నాను. కాసిని నీళ్ళు తాగాను. ఆయన పని ఆయనది, నా పని నాది. మాట వచ్చినప్పుడు రాసుకున్నాను." లేచి అట్టపెట్టెను కాలితో ఉడుత వైపు నెట్టింది. "ఇదిగో, దీన్ని దింపించింది నువ్వేగా. నువ్వే మోసుకురా. దిండు కింద పడెయ్యకు."

ఉడుత పెట్టె ఎత్తుకుంది. అక్క ముందు నడుస్తుంటే, ఆవిడ ఒక్కో మెట్టు దగ్గర ఆగి మోకాలు సర్దుకున్నప్పుడల్లా, ఉడుత కూడా పెట్టెతో ఆగింది.

శనివారం ఉదయం ఉడుత ఫోను తీసుకుని డాబా ఎక్కింది. అమ్మ అక్కడ దుప్పట్లు ఆరేస్తోంది. ఉడుత పిట్టగోడ మీద కూర్చుని గురువారం నాటి నాన్న మాటలను మామూలు వేగంలో పెట్టింది. ముందు ఎవరో పరాయి మనిషి అనుకుంది. గొంతు అంత లోతుగా, నిదానంగా ఉంది. నాన్న గొంతు ఇలా ఉంటుందని ఆమె మరిచిపోయింది.

"ఉడుతా. ఆదివారం పొద్దున ఒక పె... పెద్ద అద్దం బిగించాలి. ఒకళ్ళింట్లో మెట్ల మలుపులో కిటికీ. నాతో వచ్చే మనిషికి నడుం పట్టేసింది. అవతలి వైపు నువ్వు ప... పట్టుకుంటావా? చిన్నప్పుడు గాజుముక్కలు పట్టుకునేదానివి. వీలవకపోతే ఏం లేదు, ఇంకెవర్నయినా చూసుకుంటా."

దానికి తను బొటనవేలు పంపింది.

"ఇంకెవర్నయినా చూశారా అమ్మా?" అంది.

"ఎందుకు చూస్తారు? నువ్వు వస్తానన్నావుగా." అమ్మ దుప్పటి అంచు విదిలించింది. "నీకని చిన్న తొడుగులు తెచ్చిపెట్టారు చేతులకి. సైజు ఎలా తెలిసిందంటావా? నువ్వు పడుకుని ఉంటే నీ చెయ్యి పక్కన ఆయన చెయ్యి పెట్టి చూసుకున్నారు. నేనేమో దొంగ పడ్డాడనుకున్నా."

ఉడుత లేచి దుప్పటి రెండో అంచు పట్టుకుంది.

ఆదివారం తండ్రీకూతుళ్ళు అద్దాన్ని పాత కంబళిలో చుట్టి, మెట్ల మీదుగా పక్కవాటుగా మోసుకెళ్ళారు. తొడుగులు సరిగ్గా సరిపోయాయి. నాన్న పాత పుట్టీని ఉలితో గీకి, చెక్క గాడిని బ్రష్షుతో దులిపి, కొత్త పుట్టీని అరచేతుల మధ్య తాడులా పేని గాడి పొడుగునా పరిచాడు. అద్దం ఎత్తేముందు ఉడుత కళ్ళలోకి చూసి తల ఊపాడు. ఇద్దరూ ఒకేసారి ఎత్తారు. కింది అంచు ముందు, పై అంచు తర్వాత. అద్దం గాడిలో కూర్చున్నప్పుడు నాన్న దాని మీద అరచెయ్యి ఆనించి మెత్తగా ఒత్తుకుంటూ పోయాడు. పుట్టీ అంచుల్లోంచి సమంగా ఉబికింది.

ఇంటావిడ పైమెట్టు మీద నిలబడి చూస్తోంది. "ఎప్పటికి ఆరుతుందండీ ఇది?" అంది.

"రె..." అన్నాడు నాన్న.

మాట రాలేదు. ఇంటావిడ, అందరూ చేసినట్టే, ఉడుత వైపు చూసింది. రెండు రోజులు అని ఉడుత నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ మధ్య నొక్కిపెట్టింది. నాన్న వైపు తిరిగి, కనుబొమలు కాస్త పైకెత్తి, తొందరేమీ లేదన్నట్టు మెత్తగా చూస్తూ నిలబడింది.

"రెండు రోజులు," అన్నాడు నాన్న. "అప్పటిదాకా త... తలుపు గట్టిగా వెయ్యకండి."

ఆవిడ లోపలికి వెళ్ళాక ఆయన కూతురి వైపు తిరిగాడు.

"ఆ మొహమేంటి?"

"ఏ మొహం?"

"ఓ... ఓపిక మొహం. ఆస్పత్రిలో రోగి మంచం పక్కన కూర్చున్నట్టు."

ఉడుతకు చెంపలు వేడెక్కాయి. "మరెలా ఉండమంటావు నాన్నా? చెప్పేస్తే తొందరంటారు అందరూ. ఆగితే మొహమంటావు."

"ఎలానూ ఉండకు. నీ ప... పని చూసుకో. ఆ మేకులిలా ఇయ్యి."

ఉడుతకు చెప్పు విప్పి పాదం నొక్కుకుంటున్న అక్క గుర్తొచ్చింది. మేకుల డబ్బా తీసుకుని కిందమెట్టు మీద కూర్చుంది. ఒక్కో మేకు అందించింది, చెక్కపట్టీలు వరసలో పెట్టింది, గాజు మీద పడ్డ వేలిముద్రలను పాత గుడ్డతో తుడిచింది. నాన్న మేకుల మీద చిన్న సుత్తితో తడుతూ మాట్లాడాడు. ఏవో మామూలు కబుర్లు. వెనకటికి తను అద్దం బిగించాక ఒక ఇంటాయన దాన్ని గుర్తించక తలకి బొప్పి కట్టించుకున్న సంగతి. మాటలు ఆగాయి, నడిచాయి, మళ్ళీ ఆగాయి. కొన్నిసార్లు సుత్తి కూడా ఆగింది. ఉడుత గుడ్డ మడత మార్చి ఇంకో మూల తుడిచింది. ఆ కబురు ఎటు పోతోందో ఆమెకు ముందు తెలియలేదు. చివరికి ఆ బొప్పి ఆయన తెల్లారి వచ్చి, అద్దం మరీ శుభ్రంగా ఉందని పోట్లాడాడని తెలిసి, మేకులు ఒళ్ళో పడిపోయేలా నవ్వింది.

పని ముగించి కంబళి మడిచి చంకలో పెట్టుకుని, వీధి మలుపులో ఉన్న కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నారు. కొట్టతను గ్లాసులు కడుగుతూ అడిగాడు, "ఏమివ్వమంటారు?"

"కా..." అన్నాడు నాన్న.

ఉడుత గోళ్ళలో ఇరుక్కున్న పుట్టీని పుల్లతో తీసుకుంటోంది. అది జిగురుగా ఉండి ఒక పట్టాన రావడం లేదు.

"కాస్త టీ," అన్నాడు నాన్న. "రెండు."

ఉడుత పుల్ల ఆపి తలెత్తింది. "టీనా? బయటికొస్తే నువ్వు తాగేది కాఫీ కదా?"

"నువ్వు చెప్పేదానివి కాఫీ అని."

"నువ్వు కా అనేవాడివి."

"కాస్త టీ అందామని."

ఉడుత ఆయన్నే చూసింది. "ఎప్పుడూనా?"

"ఎప్పుడూ. నువ్వు ఇం... ఇంత ఉన్నప్పుడు మొదలుపెట్టావు. ఈ బల్ల అందేది కాదు నీకు. నేను కా అనగానే కాఫీ అని అరిచి, నా వైపు చూసి నవ్వేదానివి, నాన్నకి సాయం చేశానని. ఇంక నేనేం కాదంటాను?" కొట్టతను పెట్టిన గ్లాసును ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు. "తాగేశా."

"ఇన్నేళ్ళూ కాఫీ తాగావా నాన్నా? ఇష్టం లేకుండా?"

"లేకేం. కాఫీ కూడా బా..."

పెదవులు బిగుసుకున్నాయి. బాగుంటుందనబోతున్నాడో, బాగుండదనబోతున్నాడో ఉడుతకు తెలియలేదు. తన గ్లాసు దగ్గరికి లాక్కుని, ఒక గుక్క తాగి, మళ్ళీ గోరు శుభ్రం చేసుకోవడంలో పడింది.